కేంద్రం సరే, ముందు ఆ బెంచీ సంగతి చూడండి

వైస్ చాన్సలర్ గారికి, డీన్లకు, అకడమిక్ కౌన్సిల్ సభ్యులకు

నమస్కారం.

పోయిన నెల మీ ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. క్యాంపస్‌లో సృజనాత్మకత పెంచడానికి, వేర్వేరు శాఖల మధ్య సంభాషణలు జరిపించడానికి ఒక కేంద్రం కడుతున్నామని, ప్రతి శాఖ నుంచి ఒక ప్రతినిధి పేరు పంపాలని, ఆ ప్రతినిధి నెలకు ఎన్ని సంభాషణల్లో పాల్గొన్నదీ ఫారంలో నింపి ఇవ్వాలని అందులో ఉంది. మా శాఖలో వయసులో పెద్దవాణ్ని, రిటైర్మెంట్ దగ్గరపడినవాణ్ని కాబట్టి ఆ పని నాకే తగిలింది. పేరు పంపేముందు నాలుగు మాటలు చెప్పాలనిపించింది. మీకు విడిగా రాయొచ్చు. కానీ ఇది మీరూ నేనూ కూర్చుని తేల్చుకునే విషయం కాదు, క్యాంపస్ అంతా కలిసి అవుననో కాదనో అనాల్సింది. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

మీ ఉద్దేశం మంచిదే. ఫిజిక్స్ వాళ్లు ఫిజిక్స్ వాళ్లతోనే, చరిత్ర వాళ్లు చరిత్ర వాళ్లతోనే మాట్లాడుకుంటూ ముప్పై ఏళ్లు సర్వీసు పూర్తి చేసుకుని వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. నా అభ్యంతరం భవనం మీద, ఫారం మీద.

నేను స్టాటిస్టిక్స్ పాఠం చెబుతాను. అన్ని శాఖల వాళ్లూ ఎప్పుడో ఒకసారి మా గుమ్మం ఎక్కుతారు. వ్యవసాయం వాళ్లు, సైకాలజీ వాళ్లు, ఫార్మసీ వాళ్లు, అప్పుడప్పుడు చరిత్ర వాళ్లు. థీసిస్ గడువు ఇంకో మూడు వారాలు ఉందనగా వస్తారు. "సార్, డేటా అంతా తీసేశాను, ఏ టెస్ట్ పెట్టాలో చెబితే చాలు" అంటారు. కాగితాలు చూస్తే జరగాల్సిన నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. పోల్చి చూడటానికి రెండో గుంపే ఉండదు. లేదా అడగాల్సిన ఒక్క ప్రశ్న వదిలేసి అక్కర్లేని ముప్పై అడిగి ఉంటారు. 1938లో కలకత్తాలో జరిగిన మొదటి భారత స్టాటిస్టికల్ కాంగ్రెస్‌లో, మా స్టాటిస్టిక్స్‌కు పునాదులు వేసినవాళ్లలో ఒకడైన రోనాల్డ్ ఫిషర్ ఈ బాధే వెళ్లబోసుకున్నాడు. ప్రయోగం అయిపోయాక స్టాటిస్టీషియన్ దగ్గరికి రావడమంటే పోస్ట్‌మార్టం చేయమని అడగడమేనని, అది దేనివల్ల చచ్చిపోయిందో మాత్రం అతను చెప్పగలడేమోనని అన్నాడు. ఆయన అలా అని ఎనభై ఏళ్లు దాటింది. నేను ఇంకా పోస్ట్‌మార్టాలే చేస్తున్నాను.

వాళ్లు ముందే రాకపోవడానికి కారణం బద్ధకం కాదు. పని మొదలుపెట్టిన కొత్తలో ఎవరి దగ్గరా సరైన ప్రశ్న ఉండదు, ఏదో మనసులో నలుగుతూ ఉంటుంది అంతే. దాన్ని పట్టుకుని పరాయి శాఖ ప్రొఫెసర్ గది తలుపు ఎవరు తడతారు? దారిలో కనబడితే మాత్రం అడుగుతారు.

ఇక బెంచీ సంగతి. మా గది బయట వరండాలో ఒక పాత చెక్క బెంచీ ఉండేది. నా కోసం వచ్చినవాళ్లు దాని మీద కూర్చునేవారు. నేను క్లాసు నుంచి ఆలస్యంగా వస్తే అరగంట, ముప్పావు గంట అలా కూర్చోవాల్సిందే. ఒకరోజు తెలుగు శాఖలో ఛందస్సు మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి ఒక లెక్క కోసం వచ్చింది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఇన్ని మాత్రల పాదాన్ని లఘువులు, గురువులతో ఎన్ని రకాలుగా నింపొచ్చు అన్నది ఆమె లెక్క. నా కోసం చూస్తూ నోట్‌బుక్‌లో వేసుకుంటూ కూర్చుంది. ఒక మాత్రకు ఒకటే రకం. రెండింటికి రెండు. మూడింటికి మూడు. నాలుగింటికి అయిదు. అయిదింటికి ఎనిమిది. పక్కన కూర్చున్న కంప్యూటర్ సైన్స్ కుర్రాడు తొంగిచూసి, "తర్వాతది పదమూడు కదండీ" అన్నాడట.

వాడికి లఘువేదో గురువేదో తెలియదు. వాడికి అందులో కనిపించింది, ముందు రెండు అంకెలూ కలిపితే తర్వాతది వచ్చే ఫిబొనాచీ వరుస. ఆమెకు ఫిబొనాచీ సంగతి తెలియదు. కానీ జైన పండితుడు హేమచంద్రుడు ఇదే వరుసను 1150 ప్రాంతంలో ఛందస్సు కోసమే చెప్పాడని తెలుసు. ఫిబొనాచీ పుస్తకం 1202 నాటిది. నేను వచ్చేసరికి ఇద్దరూ నన్ను మరిచిపోయి వాదించుకుంటున్నారు. లఘుగురువుల్ని వరుసగా పేర్చే ప్రస్తారం, తను క్లాసులో రాసే రికర్షన్ ప్రోగ్రామ్ (పెద్ద లెక్కను అదే రకం చిన్న లెక్కలుగా విడగొట్టి చేసేది) రెండూ ఒకటేనని వీడు. అంతటితో అయిపోలేదని ఆమె. వరుస సంఖ్య చెబితే ఆ పాదం రూపం చెప్పే 'నష్టం' ఉంది, రూపం చూపిస్తే వరుస సంఖ్య చెప్పే 'ఉద్దిష్టం' ఉంది, వాటికి ప్రోగ్రామ్ రాయి చూద్దాం అని సవాలు. ఆ రోజు నేను వాళ్లకు చేసిన సాయం ఒక్కటే, ఆలస్యంగా రావడం.

రెండేళ్ల కిందట వరండాకు రంగులు వేసినప్పుడు బెంచీ తీసేశారు. మళ్లీ వేయలేదు. ఇప్పుడు నన్ను కలవాలంటే ఆన్‌లైన్‌లో టైమ్ తీసుకోవాలి. పదకొండుంబావుకు ఒకరు, పదకొండున్నరకు ఒకరు. పద్ధతి బాగానే ఉంది, ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. ఒకరికొకరు తారసపడే అవసరమూ లేదు.

బెంచీ మీద జరిగిన ముచ్చట చూసి ఇంత దూరం ఊహిస్తున్నాడేమిటి అనుకుంటారేమో. పెద్ద పెద్ద చోట్ల కూడా ఇలాగే జరిగింది. 1972లో అమెరికాలో ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీకి హ్యూ మాంట్‌గొమరీ అనే కుర్ర గణితవేత్త వచ్చాడు. ప్రధాన సంఖ్యలతో ముడిపడిన రీమాన్ జీటా ఫంక్షన్ విలువ సున్నా అయ్యే చోట్ల మధ్య ఎడం ఎలా ఉంటుందో చెప్పే ఒక సూత్రం అతని దగ్గర ఉంది. దాని అర్థమేమిటో మాత్రం అతనికే అంతుబట్టలేదు. అక్కడ మధ్యాహ్నం పూట అందరూ ఒకచోట చేరి టీ తాగడం రివాజు. మన దేశం నుంచి వెళ్లిన గణితవేత్త సర్వదమన్ చౌలా అతన్ని ఫ్రీమన్ డైసన్‌కు పరిచయం చేస్తానన్నాడు. డైసన్ పేరుమోసిన భౌతికశాస్త్రవేత్త, ఆయన్ని ఇబ్బంది పెట్టడమెందుకని ఇతని మొహమాటం. చౌలా వదల్లేదు, దగ్గరుండి తీసుకెళ్లాడు. ఏం పని చేస్తున్నావని డైసన్ అడిగాడు, ఇతను చెప్పాడు. బరువైన పరమాణు కేంద్రకాల శక్తి స్థాయిలను అర్థం చేసుకోవడానికి తాము వాడే రాండమ్ మాట్రిక్స్‌లలో, అంటే యాదృచ్ఛికంగా అంకెలు నింపిన పట్టికల్లో, అచ్చం ఈ సూత్రమే వస్తుందని డైసన్ అక్కడికక్కడే గుర్తుపట్టాడు. ప్రధాన సంఖ్యల రహస్యం ఉన్న చోటికీ, యురేనియం లాంటి కేంద్రకాలకూ ఏం సంబంధం? ఆ ప్రశ్న మీద ఇప్పటికీ పని జరుగుతూనే ఉంది.

ఈ కథలో నాకు నచ్చిన మనిషి చౌలా. ఇద్దరినీ కలిపి తను పక్కకు తప్పుకున్నాడు. మీరు పంపిన ఫారంలో అలాంటి మనిషికి గడి లేదు.

మా స్టాటిస్టిక్స్ సంగతే తీసుకోండి. మన దేశంలో స్టాటిస్టిక్స్‌కు పునాది వేసిన మహలనోబిస్ మొదట ఫిజిక్స్ మాస్టారు. 1920లో నాగపూర్ సైన్స్ కాంగ్రెస్‌లో జువలాజికల్ సర్వే డైరెక్టర్ నెల్సన్ అనండేల్ ఆయనకు కలిశాడు. కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు నా దగ్గర ఉన్నాయి, లెక్కలు చూసిపెడతావా అన్నాడు. జీవశాస్త్రం వాడి దగ్గరున్న మనుషుల కొలతలు, ఫిజిక్స్ వాడి చేతికి వచ్చాయి. ఒక గుంపుకూ ఇంకో గుంపుకూ మధ్య దూరాన్ని ఎలా కొలవాలన్న ఆలోచన అక్కడ మొదలై, ఈరోజు మెషిన్ లెర్నింగ్ పిల్లలు ఒక్క లైన్ కోడ్‌తో పిలిచే మహలనోబిస్ డిస్టెన్స్ అయింది. 1946లో ఆయన శిష్యుడు సి.ఆర్. రావు, ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో లెక్కలు చదువుకున్నవాడు, కేంబ్రిడ్జి వెళ్లాడు. వెళ్లింది లెక్కల శాఖకు కాదు, మ్యూజియానికి. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన అస్థిపంజరాల కొలతలు అక్కడ లెక్కలు తెలిసినవాడి కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ ఎముకల దగ్గర కూర్చునే ఆయన ఫిషర్ పర్యవేక్షణలో పీహెచ్‌డీ పూర్తి చేశాడు. పుర్రెలు కొలిచే పని నాకెందుకని ఆయన అనుకుని ఉంటే మా సిలబస్‌లో కొన్ని పేజీలు ఖాళీగా ఉండేవి.

మాట్లాడుకోకపోతే ఏం పోతుందో చెప్పే కథ కూడా ఒకటుంది. 1955లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో గ్రూట్ షూర్ ఆస్పత్రిలో ఫిజిసిస్ట్ ఉద్యోగం మానేశాడు. రేడియోధార్మిక పదార్థాలు వాడే చోట ఫిజిసిస్ట్ పర్యవేక్షణ ఉండాలని చట్టం. యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పే అలన్ కార్మాక్‌ను వారానికి ఒకటిన్నర రోజు వచ్చి కూర్చోమన్నారు. అలా కూర్చున్నవాడికి, కేన్సర్ రోగులకు రేడియేషన్ లెక్క వేసేటప్పుడు శరీరం లోపల అంతా ఒకే పదార్థం అన్నట్టు లెక్క వేస్తున్నారే అని సందేహం వచ్చింది. ఎముక వేరు, ఊపిరితిత్తి వేరు కదా. బయటి నుంచి ఎక్స్-రేలు పంపి లోపలి తేడాలు కనుక్కోవచ్చా? ఆ ప్రశ్నే సీటీ స్కాన్ వైపు నడిపించింది. 1979లో ఆయనకూ, విడిగా స్కానర్‌ను తయారుచేసిన ఇంజనీర్ హౌన్స్‌ఫీల్డ్‌కూ కలిపి నోబెల్ వచ్చింది.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. తెలియనిది ఏమిటంటే, కార్మాక్ తన గణితాన్ని 1963, 64లలో ప్రచురిస్తే దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. కాపీ పంపమని వచ్చిన ఉత్తరాల్లో తనకు ఆసక్తికరంగా తోచినది స్విట్జర్లాండ్‌లో మంచుచరియల మీద పరిశోధించే కేంద్రం నుంచి వచ్చిందని ఆయనే నోబెల్ ఉపన్యాసంలో చెప్పుకున్నాడు. కొండ మీద పేరుకున్న మంచుకూ ఆ పద్ధతి పనికొస్తుందట. ఇంకో సంగతి. ఆయన తంటాలు పడి సాధించిన ఆ గణితాన్ని 1917లోనే యోహాన్ రాడాన్ అనే గణితవేత్త సాధించి పెట్టాడు. ఆ విషయం కార్మాక్‌కు తెలిసేసరికి, ఆయన ఈ లెక్క మొదలుపెట్టాక పద్నాలుగేళ్లు గడిచాయి. అదే ఊళ్లో, బహుశా అదే యూనివర్సిటీలో, రాడాన్ పేరు విన్న గణితం మాస్టారు ఎవరైనా ఒకరు ఆయనకు బెంచీ మీద తగిలి ఉంటే ఎలా ఉండేదో నేను అప్పుడప్పుడు ఆలోచిస్తాను.

మన క్యాంపస్‌లో ఇప్పుడు ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఎవరు చెప్పగలరు? ఒక భవనంలో మూడేళ్లుగా తల పట్టుకున్న సమస్యకు పక్క భవనంలో రెండో సంవత్సరం పాఠ్యపుస్తకంలోనే జవాబు ఉండొచ్చు.

పక్క భవనం అంటే దగ్గరే కదా అనొద్దు. పరిశోధకులు ఎవరు ఎవరితో మాట్లాడతారన్నది అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ ప్రొఫెసర్ థామస్ ఆలెన్ ఏళ్ల తరబడి లెక్కకట్టి 1977లో పుస్తకంగా వేశాడు. కూర్చునే చోట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు నిట్టనిలువునా పడిపోతాయి. 50 మీటర్లు దాటితే దాదాపు లేనట్టే. ఇది ఈమెయిల్ రాకముందు లెక్క అంటారేమో. ఈమెయిల్ తెలిసిన మనిషికి రాస్తాం. నేను మాట్లాడుతున్నది ఇంకా తెలియని మనిషి గురించి.

మీరు కట్టే కేంద్రం మెయిన్ గేటు పక్కన అని విన్నాను. అన్ని శాఖలకూ సమాన దూరం కాబట్టి ఆ స్థలం ఎంచుకున్నారట. అన్నిటికీ సమానంగా దూరమే.

భవనాల గురించి ఒక మాట. ఎంఐటీలో 20వ నంబరు భవనం అని ఒకటి ఉండేది. యుద్ధకాలంలో రాడార్ పరిశోధన కోసం 1943లో చెక్కతో హడావుడిగా కట్టారు. యుద్ధం అయ్యాక తీసేద్దామనుకున్నది 1998 దాకా నిలబడింది. చోటు దొరకని శాఖలన్నీ అందులో చేరాయి. ఎలక్ట్రానిక్స్ వాళ్లు, నోమ్ చామ్‌స్కీ, మోరిస్ హాలే లాంటి భాషాశాస్త్రవేత్తలు, బొమ్మ రైళ్లు నడుపుకునే విద్యార్థుల క్లబ్బు కూడా. ఎలాగూ కూల్చేసేదే కదా అని ఎవరూ ఎవరినీ ఏమీ అనేవారు కాదు. పరికరం పట్టకపోతే అంతస్తుకే కన్నం పెట్టుకున్నారు. వేసవిలో ఉక్క, చలికాలంలో చలి. అందులోంచి వచ్చినన్ని కొత్త ఆలోచనలు చాలా అద్దాల మేడల్లోంచి రాలేదు. అలాగని పాడుబడ్డ భవనాల్లోకి పొమ్మంటే మా వాళ్లు నన్ను బతకనివ్వరు. ఎవరి అనుమతీ అడక్కుండా కూర్చోగలిగే, గోడ మీద రాసుకోగలిగే చోటు ఏదో ఒకటి ఉండాలి. అంతే నేనంటున్నది.

చోటు ఇచ్చినా టైమ్ ఏది? మన టైమ్‌టేబుల్ చూడండి. సైన్స్ వాళ్ల ఖాళీ గంటలో ఆర్ట్స్ వాళ్లకు క్లాసు. ఆర్ట్స్ వాళ్లు ఖాళీగా ఉన్నప్పుడు సైన్స్ వాళ్లు ల్యాబుల్లో. గదులు తక్కువ కాబట్టి అలా వేశామని పరీక్షల విభాగం వాళ్లు చెప్పారు, నిజమే కావచ్చు. వారానికి ఒక్క గంట, క్యాంపస్ మొత్తానికి ఒకేసారి, ఏ క్లాసూ ల్యాబూ మీటింగూ లేకుండా ఇప్పించండి. కేంద్రం కట్టడానికయ్యే డబ్బులో దీనికి పైసా అక్కర్లేదు. మీరు మాత్రం ఒకటి ఒప్పుకోవాలి. ఆ గంటలో కొందరు నిద్రపోతారు, కొందరు ఫోన్ చూసుకుంటారు. చూసుకోనివ్వండి.

ఆ గంటలో ఏదైనా పెట్టితీరాలంటే, అయిపోయిన పని గురించి ఉపన్యాసం మాత్రం వద్దు. సెమినార్లు మనకు కొరత లేదు. వచ్చినవాళ్లు నలభై స్లైడ్లు చూపిస్తారు, చివర "ఎనీ క్వశ్చన్స్" అంటారు, ఎప్పుడూ అడిగే ఆ నలుగురే అడుగుతారు, ఫొటో దిగుతారు. పూర్తయిన పనిలో పరాయివాడు వేలు పెట్టడానికి సందు ఉండదు. తెగని పని చెప్పమనండి. ఒక మనిషి, ఒక బోర్డు, పది నిమిషాలు, "నేను ఇక్కడ ఇరుక్కుపోయాను" అన్న ఒక్క మాట. ప్రొఫెసర్లే మొదలుపెట్టాలి సుమా. తనకు తెలియదని ప్రొఫెసర్ నలుగురిలో ఒప్పుకోకుండా పిల్లలు ఎలా ఒప్పుకుంటారు? మొదటి వారం నేను వస్తాను. నా దగ్గర ఇరుక్కుపోయినవి చాలానే ఉన్నాయి.

శాఖ మారితే మాట అర్థమే మారిపోతుందని మొదటి నెలలోనే తెలుస్తుంది. 'స్ట్రెస్' అంటే సివిల్ ఇంజనీరుకు ఒకటి, సైకాలజీ వాళ్లకు ఒకటి, భాషాశాస్త్రం వాళ్లకు ఇంకొకటి. మన మాటల్లోనే చూడండి. ధాతువు అంటే వ్యాకరణం చెప్పేవాడికి క్రియకు మూలం, ఆయుర్వేదం చెప్పేవాడికి శరీరంలో ఏడింటిలో ఒకటి, గనుల వాడికి ఖనిజం. గుణం అంటే లెక్కల్లో గుణకారం, వ్యాకరణంలో గుణసంధి, తత్వంలో సత్వరజస్తమస్సులు. నేను 'సిగ్నిఫికెంట్' అంటే కాకతాళీయంగా వచ్చి ఉండకపోవచ్చని అర్థం. విన్న డాక్టరు దాన్ని ముఖ్యమైనదని అర్థం చేసుకుంటాడు. రోగికి దానివల్ల వీసమెత్తు ఉపయోగం లేకపోయినా సిగ్నిఫికెంట్ కావచ్చని చెప్పడానికి ఒకసారి నాకు పూట పట్టింది. ఆ పూట వృథా అని అప్పుడు విసుక్కున్నాను. తర్వాత ఆలోచిస్తే, 'ఎంత తేడా ఉంటే రోగికి తేడా అంటారు?' అని ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి నా పాఠం మొదలుపెట్టే తీరే మారింది.

ఏ భాషలో మాట్లాడుకోవాలన్నది కూడా మీరు తేల్చి చెప్పాలి. ఇంగ్లీషులో తడబడతామని నోరు విప్పని పిల్లలు ప్రతి శాఖలోనూ ఉన్నారు. కొందరు మాస్టార్లు కూడా ఉన్నారు, పేర్లు చెప్పను. వచ్చిన భాషలో మాట్లాడొచ్చని సర్క్యులర్‌లో ఒక్క వాక్యం రాయండి చాలు.

ఇంకో భయం ఉంది, అది బయటికి ఎవరూ చెప్పరు. నా ఐడియా చెబితే ఎవరైనా ఎత్తుకుపోతారేమో. ఇది ఉత్త అనుమానం కాదు. 1953లో డీఎన్‌ఏ నిర్మాణం తేలిన కథలో మాట్లాడుకోవడం వల్ల మేలూ, అన్యాయమూ రెండూ ఉన్నాయి. ఆ నిర్మాణం తేల్చిన వాట్సన్, క్రిక్ గదిలోనే జెర్రీ డొనహ్యూ అనే రసాయనశాస్త్రవేత్త కూర్చునేవాడు. డీఎన్‌ఏలో జతలుగా ఉండే బేస్‌లు అనే అణువులకు పుస్తకాల్లో ఇచ్చిన రూపం తప్పని, వేరే రూపం వాడమని ఆయన చెప్పబట్టే జతలు కుదిరాయి. ఒకే గదిలో బల్లలు వేయడం వల్ల జరిగిన మేలు అది. అదే కథలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసిన ఎక్స్-రే చిత్రాన్ని ఆమెకు తెలియకుండానే వాట్సన్‌కు చూపించారు. అది కూడా సంభాషణే మరి. కాబట్టి ఎవరి సలహాతో పని ముందుకు కదిలిందో వాళ్ల పేరు పేపర్లో రాయాలన్న నియమం ముందే పెట్టండి. ముఖ్యంగా సలహా ఇచ్చింది విద్యార్థి అయినప్పుడు, పేపర్ రాసింది ప్రొఫెసర్ అయినప్పుడు.

వర్క్‌లోడ్ గురించి చెప్పకపోతే మా వాళ్లు ఈ లేఖ చదవడం మానేస్తారు. నేనూ, సోషియాలజీ మేడమ్ గారూ కలిసి సర్వేల మీద ఒక కోర్సు చెప్పాం. ప్రతి క్లాసులోనూ ఇద్దరం ఉన్నాం. ఆవిడ చెప్పేది నేను విన్నాను, నేను చెప్పేదానికి ఆవిడ పిల్లల ముందే అడ్డు తగిలేది. పిల్లలు నేర్చుకున్నది ఎక్కువగా ఆ అడ్డు తగిలిన చోట్లే. మన నియమం ప్రకారం ఇద్దరు చెబితే గంటలో సగం ఒకరికి, సగం ఇంకొకరికి. దాంతో ఇద్దరికీ గంటలు తక్కువపడి సంజాయిషీ అడిగారు. మరుసటి ఏడాది కోర్సును రెండు ముక్కలు చేసి, ఆవిడ మొదటి సగం, నేను రెండో సగం చెప్పుకున్నాం. ఇప్పుడు కాగితం మీద అంతా సరిపోయింది. కోర్సు చచ్చిపోయింది. ఇద్దరూ క్లాసులో ఉంటే ఇద్దరికీ పూర్తి గంట రాయండి. దీనికి అకడమిక్ కౌన్సిల్‌లో ఒక్క తీర్మానం చాలు.

పీహెచ్‌డీ కమిటీల్లో దూరపు శాఖ మనిషి ఒకరుండాలని కూడా అడుగుతున్నాను. ఇప్పుడు కూడా ఉంటారు, చివర్లో సంతకం పెట్టడానికి. మొదటి మీటింగులోనే కూర్చోబెట్టండి. అది జరిగితే నా పోస్ట్‌మార్టాలు సగం తగ్గుతాయి.

"పిల్లలకు ముందు సొంత సబ్జెక్టు సరిగా రానివ్వండి, అన్నీ తెలిసినవాడికి ఏదీ రాదు" అని ఒక డీన్ గారు నాతో అన్నారు. ఆయన మాటలో బరువుంది. డైసన్‌కు తన మాట్రిక్స్‌లు కరతలామలకం కాకపోతే మాంట్‌గొమరీ సూత్రం విని తల ఊపి టీ తాగి వెళ్లిపోయేవాడు. లోతు లేనివాళ్లు ఇద్దరు కూర్చుంటే కబుర్లే మిగులుతాయి. అందుకే అన్ని శాఖలూ కలిపి కొత్త డిగ్రీ పెట్టమని నేను అడగడం లేదు. లోతుగా తవ్వుతున్నవాళ్లు మధ్యలో ఒకసారి తల పైకెత్తి పక్క గోతిలోవాణ్ని పలకరించుకునే వీలు కావాలి. ఇంకో చిన్న కోరిక కూడా ఉంది. ఏ విద్యార్థి అయినా ఏ శాఖ క్లాసులో అయినా పరీక్ష, క్రెడిట్ లేకుండా వెనక వరుసలో కూర్చుని వినొచ్చని అనండి. ఇంజనీరింగ్ చదువుతూ క్లాడ్ షానన్ మిషిగన్ యూనివర్సిటీలో ఒక ఫిలాసఫీ క్లాసులో కూర్చున్నాడు. జార్జ్ బూల్ 1854లో పుస్తకంగా రాసిన తర్కం అక్కడ తెలిసింది. 1937లో ఎంఐటీలో మాస్టర్స్ థీసిస్ రాసేటప్పుడు స్విచ్చులు, రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్చుల) సర్క్యూట్లకు ఆ తర్కం అతికినట్టు సరిపోతుందని చూపించాడు. కంప్యూటర్ల పునాదుల్లో అదొకటి. ఇప్పుడు మన ఇంజనీరింగ్ పిల్లాడు ఫిలాసఫీ క్లాసులో కూర్చుంటే, ఐడీ కార్డు చూసి బయటికి పంపుతారు. నేను చూశాను.

బూల్ నుంచి షానన్‌కు 83 ఏళ్లు. నెలవారీ ఫారం సంగతి ఇందుకే ఎత్తాను. సంభాషణల్ని లెక్కపెట్టడం మొదలుపెడితే సంభాషణలు పెరగవు, లెక్క పెరుగుతుంది. నెలాఖరున నేనూ కెమిస్ట్రీ ఆయనా ఒకరికొకరం ఫోన్ చేసుకుని "మనం నాలుగు రాసుకుందామా, అయిదా" అనుకుంటాం. లెక్క తప్పదంటే మూడేళ్లకోసారి అడగండి. అడిగేది కూడా ఒకటే: మీ శాఖ కాని మనిషి ఎవరివల్లనైనా మీ పనిలో ఏదైనా మారిందా? లేదు అని రాసినవాళ్లని ఏమీ అనకండి. చాలామంది విషయంలో ఏమీ మారదు. నా ముప్పై ఏళ్లలో నిజంగా పనికొచ్చినవి అయిదారుంటాయి. మిగతావన్నీ కాలక్షేపమే. ఆ అయిదారు ఏ కాలక్షేపంలోంచి వస్తాయో ముందు తెలియదు, నన్ను నమ్మండి, సంభావ్యత నా సబ్జెక్టు.

నేను తప్పుగా అంచనా వేస్తున్నానేమో కూడా. అలాగైతే ఒక సెమిస్టర్ చూడండి. ఉమ్మడి గంట ఒకటి, ఇద్దరికీ పూర్తి గంట అన్న తీర్మానం ఒకటి, ఇవి రెండూ చేసి, కేంద్రం శంకుస్థాపన ఆర్నెల్లు వాయిదా వేయండి. తర్వాత కూడా కేంద్రం కావాలనిపిస్తే కట్టండి, ప్రతినిధిగా నేనే వచ్చి ఫారాలు నింపుతాను.

బెంచీ ఎక్కడుందో కనుక్కున్నాను. మా బ్లాకు వెనక స్టోర్‌రూమ్‌లో, పాత ప్రశ్నపత్రాల కట్టల కింద ఉంది. ఎడమవైపు కాలు ఒకటి ఊగుతోంది, ఒక మేకు కొడితే సరిపోతుంది. స్టోర్ తాళం ఎస్టేట్ ఆఫీసు వాళ్ల దగ్గర ఉంది, మీ సంతకం లేకుండా ఇవ్వరట. విన్నపం కాగితం ఈ లేఖతో జతచేశాను.

ఇట్లు,
స్టాటిస్టిక్స్ శాఖ నుంచి,
మీ సహోద్యోగి